ఒక్క రాజభవనానికే సమయం ఉంటే: వెర్సాయ్, షోన్‌బ్రున్, బెల్వెడేర్‌లలో ఏది?

యూరప్ యాత్రకు బయలుదేరే కుటుంబాల జాబితాలో ఒక పెద్ద రాజభవనం తప్పకుండా ఉంటుంది. పారిస్ వెళ్తే వెర్సాయ్, వియన్నా వెళ్తే షోన్‌బ్రున్. రెండు ఊళ్లూ ఒకే యాత్రలో ఉంటే రెండు భవనాలూ చూడాలా, ఒకటి చాలా అన్న చర్చ ఇంట్లో మొదలవుతుంది. వియన్నాలోనే బెల్వెడేర్ అనే మరో భవనం ఉండటంతో ఆ చర్చ ఇంకాస్త ముదురుతుంది. అమ్మానాన్నలను మొదటిసారి యూరప్ తీసుకెళ్తున్నవాళ్లకూ, చంటిపిల్లలతో వెళ్తున్నవాళ్లకూ, జర్మనీలో చదువుకుంటూ వారాంతాల్లో తిరిగేవాళ్లకూ ఒకే సమాధానం సరిపోదు.

అయినా నా సలహా మొత్తం ఒక్క మాట మీదే నిలబడి ఉంది. బరోక్ రాజభవనాన్ని తోటను బట్టి ఎంచుకోండి, గదులను బట్టి కాదు.

ఎందుకంటే 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో బరోక్ అనే ఆడంబరమైన శైలిలో కట్టిన ఈ భవనాల్లో తోట అంటే ఇల్లు కట్టగా మిగిలిన జాగాలో వేసిన మొక్కలు కాదు. భవనం నడిమధ్య కిటికీ నుంచి కనుచూపు మేర దాకా ఒక సరళరేఖ గీసుకుని, పూల మడులు, కొలనులు, ఫౌంటెన్లు, విగ్రహాలు, చెట్ల వరుసలు అన్నీ దానికి ఇటూ అటూ సరిసమానంగా పేర్చారు. రాజు కిటికీ దగ్గర నిలబడి చూస్తే ప్రకృతి కూడా తన ఆజ్ఞకు లోబడినట్టు కనిపించాలి. తోటలో నిలబడి వెనక్కి తిరిగి చూసినవాడికి ఆ రేఖ చివర రాజభవనమే కనిపించాలి. లోపలి గదులు మాత్రమే చూసి బస్సెక్కితే సగం చూసినట్టే. మన ప్యాకేజీ టూర్లలో సాధారణంగా జరిగేది అదే: గంటన్నర లోపల, పది నిమిషాలు బయట, ఆ పది నిమిషాలూ ఫోటోలకే. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అంత దూరం, అంత ఖర్చుతో వెళ్లినవాళ్లు అసలైన సగాన్ని వదిలేసి వస్తున్నారు.

కాబట్టి టికెట్ కొనే ముందు మీరు ఆలోచించాల్సిన విషయాలు మూడు. మీ దగ్గర ఎన్ని గంటలున్నాయి? మీతో వచ్చేవాళ్లు కంకర దారుల్లో ఎంత దూరం నడవగలరు? మీరు వెళ్లేది ఏ నెలలో?

వెర్సాయ్: రోజంతా ఇవ్వగలిగితేనే

వెర్సాయ్ ముందు మిగతావన్నీ చిన్నవే. 1623లో 13వ లూయీ కట్టుకున్న చిన్న వేట విడిదిని 1661 నుంచి 14వ లూయీ పెంచుకుంటూ పోయి, 1682లో రాజసభనంతా పారిస్ నుంచి అక్కడికే మార్చాడు. భవనంలో సుమారు 2,300 గదులు. తోట, ఉద్యానం, అందులోనే విడిగా ఉన్న ట్రియనాన్ అనే చిన్న భవనాలు కలిపితే 800 హెక్టార్ల ఆవరణ. తోట గీసిన ఆంద్రే లె నోత్ర్ తవ్వించిన గ్రాండ్ కెనాల్ ఒక్కటే 1,670 మీటర్ల పొడవు ఉంటుంది.

ఈ అంకెలు గొప్పకోసం చెప్పడం లేదు. భవనం వెనుక టెర్రస్ మీద నిలబడితే కాలువ చాలా దగ్గరగా, హాయిగా నడిచి వెళ్లి రాగలిగినంత దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అది లె నోత్ర్ కంటికి చేసిన గారడీ. దూరంగా ఉన్న కొలనులను కావాలనే పెద్దవిగా కట్టించి, దూరం తెలియకుండా చేశాడు. దిగి నడవడం మొదలుపెట్టాక మెట్లు, వాలు, కంకర వరసగా ఎదురవుతాయి. గ్రాండ్ ట్రియనాన్‌కు చేరడానికే అరగంట దాకా పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది శిక్షే. ట్రియనాన్ వైపు వెళ్లే చిన్న రైలుబండి, అద్దెకిచ్చే బ్యాటరీ కార్లు ఉన్నాయి. వాటి ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

లోపల అందరూ చూడాలనుకునేది అద్దాల మందిరం. 73 మీటర్ల పొడవు, తోటవైపు 17 కమానుల కిటికీలు, వాటికి ఎదురుగా 357 అద్దాలు పొదిగిన మరో 17 కమానులు. 1919 జూన్ 28న మొదటి ప్రపంచ యుద్ధాన్ని ముగించిన సంధి మీద సంతకాలు జరిగింది ఇక్కడే. ఈ మందిరం పడమటి ముఖం. పొద్దున తొమ్మిదింటికి టికెట్ తీసుకుని పరుగెత్తుకెళ్తే కిటికీల్లోంచి చప్పటి వెలుతురు వస్తుంది, చుట్టూ టూర్ గుంపులు ఉంటాయి. సాయంత్రం నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా లోపలికి పడి, అద్దాల మీద తగిలి, మందిరం మొత్తం తేనె రంగులోకి మారుతుంది. గుంపులు కూడా కొంత పలచబడతాయి. వేసవిలో వెళ్లేవాళ్లు పొద్దున తోట, మధ్యాహ్నం ట్రియనాన్, సాయంత్రం భవనం అన్న వరుస పెట్టుకుంటే మంచిది. ట్రియనాన్ భవనాలు ఎలాగూ మధ్యాహ్నం పన్నెండుకు గానీ తెరవరు.

ఇక ఫౌంటెన్ల సంగతి. వెర్సాయ్ తోటకు ప్రాణం నీళ్లే, దాని పెద్ద కష్టం కూడా నీళ్లే. గుట్ట మీదున్న తోటకు దగ్గర్లో నది లేదు. అందుకే 1680ల్లో సేన్ నది మీద మార్లీ దగ్గర 14 భారీ జలచక్రాలతో ఒక యంత్రాన్ని కట్టి నీళ్లు పైకి తోడారు. అయినా అన్ని ఫౌంటెన్లకూ ఒకేసారి సరిపడేవి కావు. రాజు ఏ దారిన నడుస్తున్నాడో చూసి పనివాళ్లు ఈలలతో ఒకరికొకరు సైగ చేసుకుని, ఆయన దగ్గరికి రాగానే నీళ్లు వదిలి, దాటగానే కట్టేసేవారు. నేటికీ ఫౌంటెన్లు రోజూ ఆడవు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వారాంతాల్లోనూ, మరికొన్ని ఎంపిక చేసిన రోజుల్లోనూ, అదీ నిర్ణీత వేళల్లోనే ఆడిస్తారు. ఆ రోజుల్లో తోటకు విడిగా టికెట్ ఉంటుంది. మిగతా రోజుల్లో వెళ్తే ధారలు ఎగయని కొలనులే కనిపిస్తాయి. వెర్సాయ్ వెళ్లాలని తేల్చుకుంటే ఫౌంటెన్లు ఆడే రోజే వెళ్లండి, ఆ టికెట్ డబ్బు వృథా కాదు. సూర్యదేవుడు అపోలో రథం నీళ్లలోంచి పైకి లేచే కొలను దగ్గర ఆ ధారలు ఎగసినప్పుడు, ఎండలో ఆ తుంపర మీ ముఖాన పడినప్పుడు, లూయీ ఇంత ఆరాటం ఎందుకు పడ్డాడో అర్థమవుతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ మరో ఆసక్తికరమైన విషయం ఉంది. ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి తవెర్నియే మన దేశం నుంచి తీసుకెళ్లిన నీలివజ్రాన్ని 14వ లూయీకి అమ్మాడు. అది కృష్ణా ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలో ఉన్న కొల్లూరు గనిలో దొరికిందని చరిత్రకారులు భావిస్తారు. ఫ్రెంచ్ విప్లవ కాలంలో 1792లో అది దొంగల పాలైంది. దాన్నే చెక్కి తయారు చేసిన హోప్ వజ్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. అలాగే 1788 ఆగస్టు 10న టిప్పు సుల్తాన్ పంపిన రాయబారులను 16వ లూయీ వెర్సాయ్‌లోని హెర్క్యులిస్ మందిరంలో కలుసుకున్నాడు. ఆనాటికి రాయలసీమలో పెద్ద భాగం టిప్పు ఏలుబడిలోనే ఉంది. ఆ మందిరం ఇప్పుడు సందర్శకుల దారిలోనే వస్తుంది. చాలామంది పైకప్పు చిత్రాన్ని చూసి ముందుకు కదిలిపోతారు. మీరు ఒక్క క్షణం ఆగండి.

ప్రయాణానికి పారిస్ నుంచి ఆర్‌ఈఆర్ సి రైలెక్కి వెర్సాయ్ షాతో రీవ్ గోష్ స్టేషన్లో దిగాలి. వెర్సాయ్ పేరుతో వేరే స్టేషన్లు కూడా ఉన్నాయి. అక్కడ దిగితే నడక పెరుగుతుంది. సోమవారం భవనానికి సెలవు. మంగళవారం లూవ్ర్ మ్యూజియం మూసి ఉంటుంది కాబట్టి ఆ జనమంతా ఇటే వస్తారు. 18 ఏళ్లలోపు పిల్లలకు భవన ప్రవేశం ఉచితం. తోటలో కూర్చుని తినకూడదు గానీ, గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఉన్న ఉద్యానంలో తినవచ్చు. శాకాహారులు పులిహోర డబ్బా వెంట తీసుకెళ్తే ఆ రోజు సుఖంగా గడుస్తుంది.

షోన్‌బ్రున్: చాలా కుటుంబాలకు సరైన జవాబు

వియన్నాలోని షోన్‌బ్రున్‌కు వెర్సాయ్‌తో పోటీ పుట్టుకతోనే వచ్చింది. 1683లో ఒట్టోమన్ సైన్యం వియన్నాను ముట్టడించినప్పుడు ఇక్కడున్న పాత విడిది నాశనమైంది. ఆ తర్వాత వాస్తుశిల్పి ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్ గుట్ట పైభాగాన వెర్సాయ్‌ను తలదన్నే భవనాన్ని ఊహించి నమూనా గీశాడు. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు ఖజానాకు అది మోయలేని భారం. చివరికి భవనం గుట్ట కింద సమతలం మీద, చిన్నదిగా మొదలైంది. 1740ల్లో మహారాణి మరియా తెరీసా, శిల్పి నికొలాస్ పకాస్సీ చేత దాన్ని నేటి రూపానికి తెచ్చింది.

ఈ రాజీ వల్ల మనలాంటి సందర్శకులకు మేలే జరిగింది. భవనం కింద, తోట మధ్యలో, గుట్ట పైన 1775లో కట్టిన గ్లోరియెట్ అనే కమానుల మండపం. మొత్తం కూర్పు ఒక్క చూపులో ఇమిడిపోతుంది. భవనం మెట్ల మీద నిలబడితే ఎదురుగా పూల మడులు, వాటి చివర 1780లో పూర్తయిన నెప్ట్యూన్ ఫౌంటెన్, దాని వెనుక పచ్చటి వాలు, వాలు మీద ఆకాశాన్ని చీల్చుకుని నిలబడ్డ మండపం కనిపిస్తాయి. నెమ్మదిగా నడిచినా అరగంటలో పైకి చేరవచ్చు. వంకర్లు తిరిగిన దారి కాబట్టి మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవచ్చు. పైనుంచి వెనక్కి తిరిగితే పసుపు పచ్చని భవనం, దాని వెనుక వియన్నా నగరం, దూరంగా సెయింట్ స్టీఫెన్ చర్చి శిఖరం కనిపిస్తాయి. బరోక్ తోట అంటే ఏమిటో ఎవరూ వివరించకుండానే అర్థమయ్యే చోటు ఇదే అని నా నమ్మకం. వెర్సాయ్‌లో దానికోసం రోజంతా నడవాలి.

పైగా ప్రధాన తోట ఉచితం. 1779 ప్రాంతంలో చక్రవర్తి రెండవ జోసెఫ్ దీన్ని ప్రజలకు తెరిచాడు. నాటి నుంచి అది వియన్నావాసుల ఉద్యానవనం. పొద్దున్నే పరుగులు తీసేవాళ్లు, మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చిన తాతలు కనిపిస్తారు. గోడలా కత్తిరించిన ఎత్తైన చెట్ల మధ్య నీడ దారులు ఉన్నాయి. జూలై ఎండలో ఆ నీడ విలువ తెలుస్తుంది.

లోపల 1,441 గదులున్నా సందర్శకులకు చూపించేవి నలభై లోపే. ఆరేళ్ల మోజార్ట్ 1762లో మరియా తెరీసా ముందు వాయించిన అద్దాల గది, 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్‌లకు విందు జరిగిన 40 మీటర్ల పైచిలుకు మహామందిరం, 1918 నవంబర్ 11న ఆఖరి చక్రవర్తి కార్ల్ రాజ్యవ్యవహారాల నుంచి తప్పుకుంటూ సంతకం చేసిన నీలి చైనా గది ఇందులో ఉన్నాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఫ్రాంజ్ జోసెఫ్ పడకగది. 1830లో ఇదే భవనంలో పుట్టి, 68 ఏళ్లు రాజ్యమేలి, 1916లో ఇక్కడే కన్నుమూసిన చక్రవర్తి పడుకున్నది మామూలు ఇనుప మంచం మీద. బంగారు పూతల గదులన్నీ దాటుకుని వచ్చి ఆ మంచం ముందు నిలబడితే, ఆ వైభవమంతా లోకానికి చూపించడానికే అని తెలిసిపోతుంది.

టికెట్లలో తక్కువ గదులు చూపేది, ఎక్కువ గదులు చూపేది అని రకాలుంటాయి. వాటి పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి. పేరు చూడకుండా ‘మిలియోనెన్‌త్సిమ్మర్’ అనే గది అందులో ఉందో లేదో చూసి, ఉన్న టికెట్టే కొనండి. భారతీయులు తప్పక చూడాల్సిన గది అది. గోడలన్నీ రోజ్‌వుడ్ పలకలు. వాటిలో వంపులు తిరిగిన బంగారు చట్రాలు. ప్రతి చట్రం లోపలా మొఘల్ సూక్ష్మచిత్రాలు: దర్బారులు, వేటలు, గద్దను చేతి మీద నిలిపిన రాకుమారులు, చెట్టు కింద కూర్చున్న ఫకీర్లు. దగ్గరగా చూస్తే ఒక విషయం బయటపడుతుంది. అవి పూర్తి చిత్రాలు కావు. రాజకుటుంబం వాళ్లు ఆ బొమ్మలను కత్తెరతో కత్తిరించి, చట్రం ఆకారానికి తగ్గట్టు మళ్లీ అతికించి కొత్త దృశ్యాలు తయారు చేశారు. ఒక బొమ్మలోని మనుషులు మరో బొమ్మలోని చెట్టు కిందకు చేరారు. ఆ కాగితాల విలువ తెలిసినవాళ్లకు గుండె కలుక్కుమంటుంది. అదే సమయంలో 18వ శతాబ్దపు వియన్నా మన చిత్రకళను ఎంత అబ్బురంగా చూసిందో కూడా ఆ గది చెబుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ మొఘల్ చిత్రాలను చూసి గీసుకున్న రేఖాచిత్రాల్లో ఒకదానికి మూలంతో సరిపోలే బొమ్మ కూడా ఈ గోడల మీదే ఉంది.

పిల్లలకు వేరే ఆకర్షణలున్నాయి. 1752లో రాజకుటుంబం కోసం మొదలైన జంతుప్రదర్శనశాల ఇప్పటికీ అదే చోట నడుస్తోంది. ప్రపంచంలో ఆగకుండా నడుస్తున్నవాటిలో ఇదే పాతది. దాని నడిమధ్య ఉన్న అష్టభుజి మంటపంలో చక్రవర్తి కుటుంబం జంతువులను చూస్తూ అల్పాహారం తీసుకునేది. ఇప్పుడక్కడ రెస్టారెంట్ ఉంది. తోటలో పొదలతో పెంచిన చిక్కుదారి, 113 మీటర్ల పొడవున ఇనుము, గాజుతో 1882లో కట్టిన తాటివనపు గృహం, రాజుల దుస్తులు తొడుక్కుని ఆడుకునే పిల్లల మ్యూజియం కూడా ఉన్నాయి. వీటన్నిటికీ వేర్వేరు టికెట్లు. అన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు. భవనం, తోట, గ్లోరియెట్ ఒక పూట, జంతుశాల మరో పూట చాలు. నడవలేనివాళ్ల కోసం తోట చుట్టూ తిరిగే చిన్న రైలుబండి ఉంది.

చేరుకోవడం చాలా తేలిక. నగర మధ్యంలోని కార్ల్స్‌ప్లాట్జ్ నుంచి యు4 మెట్రోలో కాసేపటి ప్రయాణం. జంతుశాలకు నేరుగా వెళ్లాలంటే తర్వాతి స్టేషన్ హీట్సింగ్‌లో దిగాలి.

బెల్వెడేర్: రెండు మూడు గంటలే ఉన్నవాళ్లకు

బెల్వెడేర్ రాజు కట్టినది కాదు, సేనాపతి కట్టినది. దాని కథ నాకు ఎంతో ఇష్టం. సావోయ్ వంశానికి చెందిన యూజీన్ పారిస్‌లో పుట్టి, 14వ లూయీ కొలువు చుట్టుపక్కలే పెరిగాడు. సైన్యంలో చోటు అడిగితే లూయీ కాదన్నాడు. 1683లో యూజీన్ ఆస్ట్రియాకు వెళ్లిపోయి హాబ్స్‌బర్గ్ సైన్యంలో చేరి, ఒట్టోమన్ల మీదా, తనను వద్దన్న ఫ్రాన్స్ మీదా యుద్ధాలు గెలిచి, ఆనాటి యూరప్‌లో పేరుమోసిన సేనాని అయ్యాడు. ఆ సంపదతో వియన్నా శివారు వాలు మీద భూమి కొని, శిల్పి హిల్డెబ్రాంట్ చేత 1714 నుంచి కింది భవనాన్నీ, 1720ల మొదట్లో పై భవనాన్నీ కట్టించాడు. రెండింటి మధ్య తోట గీసే పనిని డొమినిక్ జిరార్‌కు అప్పగించాడు. ఈ జిరార్ పని నేర్చుకున్నది వెర్సాయ్‌లోనే! తనను కాదన్న రాజు తోట దగ్గర పని నేర్చినవాడి చేతే తన తోట వేయించుకున్నాడు యూజీన్.

ఆ తోట చిన్నదే. పై భవనం నుంచి కింది భవనం దాకా పావుగంటలో దిగిపోవచ్చు. కానీ వాలును వాడుకున్న తీరు చూడదగ్గది. పైన విశాలమైన పూల మడులు, మధ్యలో మెట్లు మెట్లుగా జారే జలపాతం, కింద పొదల గోడలు, దారి పొడవునా సింహం ఒళ్లు, స్త్రీ ముఖాలతో ఉన్న స్ఫింక్స్ విగ్రహాలు. పై అంచున నిలబడితే వియన్నా గోపురాలు మొత్తం కింద పరుచుకుని కనిపిస్తాయి. తోట ప్రవేశం ఇక్కడా ఉచితమే. లోపమల్లా నీడ లేకపోవడం. వేసవి మధ్యాహ్నం ఇక్కడ నడవడం కష్టం, పొద్దున్నో సాయంత్రమో రండి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పై ద్వారం దగ్గర మొదలుపెట్టి కిందికి దిగితే వాలు అనుకూలిస్తుంది. డి ట్రామ్ పై భవనం పక్కనే ఆగుతుంది. వియన్నా ప్రధాన రైల్వే స్టేషన్ నుంచి నడిచి కూడా రావచ్చు. రైలు మారడానికి మూడు నాలుగు గంటల విరామం దొరికినవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు.

లోపల రాజుల పడకగదులు, సింహాసనాలు ఉండవు. పై భవనం ఇప్పుడు చిత్రశాల. ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ గీసిన ‘ముద్దు’ ఇక్కడే ఉంది. 180 సెంటీమీటర్ల చదరపు చిత్రం, నిజమైన బంగారు రేకులతో మెరుస్తుంది. ఫోన్ తెర మీద వందసార్లు చూసినవాళ్లకు కూడా ఎదురుగా నిలబడితే ఆ బంగారం వేరుగా పలుకుతుంది. క్లిమ్ట్ తైలవర్ణ చిత్రాలు ఇన్ని ఒక్కచోట మరెక్కడా లేవు. చిత్రాల కోసం వచ్చినవాళ్లు కింద ప్రవేశ మందిరాన్ని చూడకుండా దాటేస్తుంటారు. అక్కడ నలుగురు రాతి మహాకాయులు పైకప్పును భుజాల మీద మోస్తుంటారు. అది అలంకారం కోసం మాత్రమే పెట్టింది కాదు. 1730ల్లో ఆ మందిరం పైకప్పు కూలే ప్రమాదం రావడంతో శిల్పి కమాను కప్పు వేసి, ఈ నలుగురిని స్తంభాలుగా నిలబెట్టాడు. వాళ్ల వీపు కండరాల మీద ఆ బరువు నిజంగానే కనిపిస్తుంది. పై అంతస్తులోని పాలరాతి మందిరంలో 1955 మే 15న, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియాను తమ అధీనంలో ఉంచుకున్న నాలుగు అగ్రరాజ్యాలు సంతకాలు చేసి ఆస్ట్రియాకు మళ్లీ స్వాతంత్ర్యం ఇచ్చాయి.

చిత్రాలంటే ఆసక్తి లేనివాళ్లకు, చిన్నపిల్లలకు లోపలి టికెట్ అనవసరం. తోట ఒక్కటే చూసి రండి.

జర్మనీలో ఉంటున్నవాళ్లు ఇంత దూరం వెళ్లాలా?

అక్కర్లేదు. మ్యూనిక్‌లో 17వ నంబర్ ట్రామ్ ఎక్కితే నింఫెన్‌బుర్గ్ ముందు దిగుతారు. 1664లో మొదలైన ఈ భవనపు ముఖభాగం 632 మీటర్ల పొడవు. బెల్వెడేర్ తోట వేసిన జిరారే ఇక్కడా పనిచేశాడు. 19వ శతాబ్దం మొదట్లో తోటను చాలావరకు సహజమైన అడవిలా మార్చేశారు, నడిమధ్య రేఖను, కాలువను మాత్రం అలాగే ఉంచారు. తోట ఉచితం. లోపల ఉన్న అమాలియెన్‌బుర్గ్ అనే చిన్న వేట విడిదిని వదలకండి. వెండి పూతతో అల్లిన దాని గుండ్రటి అద్దాల గది, అందం విషయంలో వెర్సాయ్ అద్దాల మందిరానికి తీసిపోదని నేను గట్టిగా చెబుతాను. శీతాకాలంలో ఆ చిన్న భవనాలు మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉన్నవాళ్లకు వుర్జ్‌బుర్గ్ దగ్గర. అక్కడ బిషప్పుల నివాసంలో బాల్తాజర్ నాయ్‌మన్ కట్టిన మెట్ల మందిరం మీద, ఒక్క స్తంభం ఆధారం లేని కమాను కప్పుకు 1752, 53లలో వెనిస్ చిత్రకారుడు తియెపోలో నాలుగు ఖండాలను చిత్రించాడు. మెట్లెక్కుతూ ఉంటే ముందు అమెరికా కనిపిస్తుంది, మలుపు తిరిగాక యూరప్. ఆ యూరప్ అంచున ఫిరంగి మీద కూర్చుని ఉన్నది ఈ భవనం కట్టిన నాయ్‌మనే. 1945 మార్చి 16 బాంబు దాడిలో నగరం దాదాపు పూర్తిగా కాలిపోయినా ఆ కప్పు నిలబడింది. గదులను బట్టి ఎంచుకోవద్దని మొదట చెప్పాను, దానికి నేను ఇచ్చే ఒకే ఒక మినహాయింపు వుర్జ్‌బుర్గ్. ఇక్కడ తోట బాగుంటుంది, మెట్లు మాత్రం మరోచోట చూడలేరు.

తేల్చుకోవడం ఎలా?

పారిస్, వియన్నా రెండూ ఉన్న యాత్రలో ఒక్క భవనానికే చోటుంటే నేను షోన్‌బ్రున్ అనే చెబుతాను. పెద్దవాళ్లు, పిల్లలు, మధ్యవయసువాళ్లు కలిసి వెళ్లే కుటుంబానికి అంతకంటే సులువైనది లేదు. అలసినవాళ్లు నెప్ట్యూన్ దగ్గర బెంచీ మీద కూర్చుంటారు, ఓపికున్నవాళ్లు గ్లోరియెట్ ఎక్కి వస్తారు, ఎవరి రోజూ పాడవదు. పారిస్‌లో కాస్త తొందర తగ్గించుకుని రెండు రోజులు అక్కడి వీధులకే కేటాయించండి.

వెర్సాయ్ ఎప్పుడు ఎంచుకోవాలంటే: చరిత్ర అంటే ప్రాణం అయితే, రోజంతా చేతిలో ఉంటే, మే నుంచి సెప్టెంబర్ మధ్య ఫౌంటెన్లు ఆడే రోజు దొరికితే, నడవగలిగినవాళ్లే వెంట ఉంటే. ఈ నాలుగూ కుదిరితే మిగతా ఏ భవనమూ దానికి సాటిరాదు. పొద్దున వెర్సాయ్ చూసి, మధ్యాహ్నం ఈఫిల్ టవర్, సాయంత్రం సేన్ మీద పడవ అని టూర్ కంపెనీ జాబితా ఇస్తే, అందులోంచి వెర్సాయ్ తీసేయమనే నా సలహా. రాను పోను ప్రయాణం, భద్రతా తనిఖీ వరుస, గుంపు పోగా మీకు మిగిలేది అద్దాల మందిరంలో తోపులాట మాత్రమే.

వియన్నాలో రెండు రోజులుంటే షోన్‌బ్రున్, బెల్వెడేర్ రెండూ చూడవచ్చు. అవి ఒకదానికొకటి పోటీ కాదు. ఒకటి పాలించిన కుటుంబం ఇల్లు, మరొకటి చిత్రశాల. నవదంపతులు, స్నేహితులు, చిత్రకళ ఇష్టపడేవాళ్లు షోన్‌బ్రున్‌లో తోట వరకే చూసి, టికెట్ డబ్బును బెల్వెడేర్‌కు ఖర్చు చేసినా నేను తప్పుపట్టను.

శీతాకాలంలో వెళ్లేవాళ్లకు లెక్క మారుతుంది. వెర్సాయ్‌లో ఫౌంటెన్లు ఆడవు, పాలరాతి విగ్రహాలకు ముసుగులు తొడుగుతారు, ఆ విశాలమైన దారుల్లో గాలి ఎముకలు కొరుకుతుంది. డిసెంబర్ అయితే వియన్నాయే మేలు. షోన్‌బ్రున్ ముందు, బెల్వెడేర్ ముందు క్రిస్మస్ సంతలు పెడతారు. పగలు తొందరగా ముగిసినా దీపాల వెలుగులో భవనాలు నిండుగా ఉంటాయి.

టికెట్ల విషయంలో ఒకే జాగ్రత్త. ఈ మూడు చోట్లా ప్రవేశ సమయం ముందే ఎంచుకోవాలి, వేసవిలో పొద్దుటి సమయాలు త్వరగా అయిపోతాయి. ఆయా భవనాల అధికారిక వెబ్‌సైట్లలోనే కొనండి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల్లో చాలావరకు మధ్యవర్తులవి, అదే టికెట్‌కు ఎక్కువ వసూలు చేస్తాయి. పారిస్ మ్యూజియం పాస్ ఉన్నవాళ్లు కూడా వెర్సాయ్‌కు సమయం విడిగా నమోదు చేసుకోవాలి, ఫౌంటెన్ల రోజు తోట టికెట్ ఆ పాస్‌లో ఉండదు. ఇనుప చట్రమున్న పిల్లల తోపుడుబండ్లను వెర్సాయ్ భవనంలోకి అనుమతించరు, చంటిపిల్లను ఎత్తుకునే సంచీ తీసుకెళ్లండి. కాళ్లకు కొత్త చెప్పులు వద్దు, కంకర మీద అలవాటైన బూట్లే నయం.